యోగా చేస్తే డిప్రెషన్ మందులు మానేయొచ్చా?

మానేయకూడదు, యోగా మనసుకు మంచి ఊతమే గానీ, డాక్టర్ రాసిన మందుకు బదులు కాదు. టెన్షన్‌లో గుండె దడదడలాడుతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది. ఊపిరి నిదానంగా వదిలితే, మెదడు నుంచి గుండె, పొట్ట దాకా వెళ్లే వేగస్ నాడి ఆ దడను తగ్గిస్తుంది. అసలు కిటుకు ఆసనంలో కన్నా ఆ వదిలే ఊపిరిలోనే ఉంది.

మక్తల్ వైపు ఒక ఊళ్లో, భర్త ముంబైకి వలస పోయాక అప్పుల ఆలోచనతో నిద్రపట్టని ఇల్లాలిని అనుకోండి. ఆమె చాప మీద వెల్లకిలా పడుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. చెయ్యి మెల్లగా లేచి దిగుతుంటే సరిగ్గా చేస్తున్నట్టే. రోజూ పది నిమిషాలు చాలు. అప్పు తీరదు, కానీ ఒంట్లో బిగువు సడలి నిద్ర దగ్గరవుతుంది.

చాలామంది యోగా మొదలైంది కదా అని మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తారు. దానివల్ల తల తిరగొచ్చు, జబ్బు తిరగబెట్టొచ్చు. ఆందోళన ఎక్కువున్నవాళ్లకు కపాలభాతి లాంటి వేగపు ఊపిరి దడ పెంచొచ్చు కూడా. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం యోగాతో సరిపెట్టుకోకండి, వెంటనే 14416 నంబరులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్‌కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.