లంకా, దీవా? కోనసీమను లోయ అనొచ్చా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది అమలాపురం దగ్గర ఊరు. ఇప్పుడు హైదరాబాద్‌లో హైస్కూలు పిల్లలకు ట్యూషన్ చెబుతున్నాను. పిల్లలు తెచ్చిన ఒక గైడులో "కోనసీమ సారవంతమైన ఉష్ణమండల నదీలోయ, ఇక్కడ అనేక నదీ ద్వీపాలు కలవు" అని ఉంది. చదవగానే ఏదో తేడా కొట్టింది. మా వైపు లోయ అని ఎవరూ అనరు, ద్వీపం అనీ అనరు, లంక అంటారు. లంక, దీవి, ద్వీపం ఒకటేనా? కోనసీమ లోయ ఎలా అవుతుంది? పల్లిపాలెం అంటే పల్లెటూరు అని కూడా రాశారు, నిజమేనా? చివరగా, గోదావరి పాయ పేరు వసిష్ఠ అని రాయాలా, వశిష్ఠ అని రాయాలా?

సమాధానం: మీకు కొట్టిన తేడా నిజమైనదేనండి. ముందు లోయ సంగతి చూద్దాం, అది తేలిక.

లోయ అనాలంటే రెండు పక్కలా ఎత్తు ఉండాలి. గోదావరికి లోయే లేదని కాదు, పాపికొండల దగ్గర కొండలు రెండు వైపుల నుంచీ దగ్గరకొచ్చి ఏటిని సన్నగా నొక్కేసే చోటు లోయ కాదని లాంచీ ఎక్కినవాళ్ళెవరూ అనరు. పోలవరం దాటాక ఆ కొండలు నదిని వదిలేస్తాయి. రాజమండ్రి దగ్గరకొచ్చేసరికి ఏరు ఎంత వెడల్పవుతుందో అందరూ చూసిందే, ధవళేశ్వరం దిగువన అది గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలుతుంది, ఆ వసిష్ఠలోంచి మళ్ళీ వైనతేయ విడిపోతుంది. గౌతమికీ వసిష్ఠకీ సముద్రానికీ మధ్య పడ్డ నేలే మీ కోనసీమ. అక్కడ ఎత్తు అని చెప్పుకోవాలంటే ఏటిగట్టు ఒకటి, లేదా కొబ్బరిచెట్టు. సింధు లోయ నాగరికత అని పాఠాల్లో చదివి చదివి, నది ఉంటే పక్కన లోయ కూడా ఉండి తీరుతుందనుకునే అలవాటు మనకు పడింది. ఆ పేరు ఎటూ స్థిరపడిపోయింది, దాన్ని కదపక్కర్లేదు, కానీ దాన్ని తెచ్చి కోనసీమకు తగిలించకూడదు. నదీ ఉపనదులూ నీళ్ళు పోగేసుకొచ్చే మొత్తం నేలను చెప్పాల్సి వస్తే పరివాహక ప్రాంతం అనే మాట ఉంది. గోదావరికి అది సుమారు 3.12 లక్షల చదరపు కిలోమీటర్లు, నాసిక్ దగ్గర త్ర్యంబకం నుంచి ఇటు సముద్రం దాకా. కోనసీమ అందులో చివరి చిన్న ముక్క.

మరి ఏమనాలి అంటారా, డెల్టా అనండి. ఇంగ్లీషు మాట కదా అని మొహమాటపడొద్దు. గోదావరి జిల్లాల్లో ఏ రైతునడిగినా తన ప్రాంతాన్ని ఏజెన్సీ, మెట్ట, డెల్టా అని మూడు ముక్కలు చేసి చెబుతాడు. రంపచోడవరం, మారేడుమిల్లి వైపు ఏజెన్సీ, పెద్దాపురం, జగ్గంపేట వైపు మెట్ట, కాలవ నీళ్ళు పారేది డెల్టా. మూడింటిలో రెండు బయటి నుంచి వచ్చిన మాటలే. కొండ ప్రాంతాల మీద ప్రభుత్వ ఏజెంటు పెత్తనం నడిచిన బ్రిటిష్ రోజుల నుంచి ఏజెన్సీ మిగిలింది, డెల్టా అయితే గ్రీకు అక్షరం పేరు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక కాలవలు వచ్చాయి, కాలవలతో పాటు తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా అనే పేర్లూ జనం నోళ్ళలోకి వచ్చాయి. కోనసీమ వాటిలో మధ్య డెల్టా. ఇంతగా ఇంకిపోయిన మాటను పక్కనపెట్టి కొత్తగా ఒక సంస్కృత సమాసం అల్లితే అది గైడులో తప్ప ఇంకెక్కడా బతకదు.

గైడు రాసినాయన కోన అనే మాట చూసి లోయ అనుకున్నాడేమో కూడా! తలకోనలో ఉన్న కోనకు అర్థం అదే, కొండల నడుమ అడవి చోటు. కోనసీమలో కోన అది కాదు. కోణం అనే మాటే కోన అయిందని, మూడు మూలల నేల కాబట్టి ఆ పేరొచ్చిందని ఎక్కువమంది చెబుతారు, అదే నిజమైతే గ్రీకువాళ్ళ ముక్కోణపు అక్షరమూ మన కోనా ఒకే ఆకారాన్ని చూసి పెట్టినవన్నమాట. పేరు మాత్రం పాతది. 1195 నాటి పిఠాపురం శాసనం వేయించిన హైహయ రాజులు కోనమండలాన్ని ఏలినవాళ్ళు.

ఇక అసలు ప్రశ్న, లంక.

చుట్టూ నీళ్ళున్న నేల అనేంత వరకు లంక, దీవి, ద్వీపం మూడూ ఒకటే. వాడుకలోకి వస్తే కాదు. అండమాన్ దీవులు అంటాం, అండమాన్ లంకలు అని ఎవరైనా అన్నారా? ద్వీపం సంస్కృతం, దీవి దాని నుంచి ప్రాకృతం మీదుగా మనకొచ్చిన రూపం, ఈ రెండూ సముద్రం వైపు మొగ్గుతాయి. లంక అనే మాట మొదట సంస్కృతానిదా ద్రావిడానిదా అన్నది వేరే తగాదా (తమిళంలో ఇలంగై ఉంది). రావణుడి లంకనూ శ్రీలంకనూ పక్కన పెడితే, తెలుగులో అది ఒక్కచోటి పేరు కాదు, ఏటి మధ్యలో తేలిన ఏ నేలకైనా చెల్లే మామూలు మాట. కొల్లేటి మధ్యలో ఉన్నవీ లంకలే, గుడివాకలంక, ప్రత్తికోళ్ళలంక లాంటివి. అదే ఉప్పునీటి పులికాట్ సరస్సులో ఉన్న ఇరకం మాత్రం దీవి. నాలుగు పేర్లు చూసి మంచినీళ్ళయితే లంక, ఉప్పునీళ్ళయితే దీవి అని సూత్రం కట్టేయను గానీ, మొగ్గు అటే ఉంది. కృష్ణ చివర చూడండి, నది పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్న పెద్ద నేలంతా దివిసీమ, దాని లోపలే నాగాయలంక, ఎడ్లంక. ఒకే నది, ఒకే సీమ, రెండు మాటలూ పక్కపక్కనే ఉండి కూడా ఒకదాని పని ఇంకొకటి చెయ్యడం లేదు.

పిల్లలకు ఇంకో సంగతి కూడా చెప్పండి. దీవి ఎప్పుడూ ఉన్నచోటే ఉంటుంది, లంక పుడుతుంది, పెరుగుతుంది, పోతుంది కూడా. వరద తీశాక ఏట్లో ఇసుక మేట వేస్తుంది. మేట నాలుగేళ్ళు నిలిస్తే తిప్ప అంటారు, దాని మీద రెల్లు లేస్తుంది, రెల్లు మొదళ్ళలో ఒండ్రు పట్టుకుంటుంది, అప్పుడు ఎవరో ఒకరు వెళ్ళి దోసపాదు పెడతారు, తర్వాత పశువుల పాక, ఆ తర్వాత మనుషులు ఉండే పాక, చివరికి ఊరు. ఇంకోపక్క కోత. ఏరు దిశ మార్చుకుందంటే కొబ్బరిచెట్లతో సహా గట్టు విరిగి నీళ్ళలో పడుతుంది. మేట, తిప్ప, లంక, కోత, వీటన్నింటినీ కలిపి నదీ ద్వీపం అనేస్తే ఆ నేల వయసు తెలియదు, దాని మీద బతికేవాళ్ళ భయమూ తెలియదు. రెవెన్యూ వాళ్ళకు ఈ తేడా బాగా తెలుసు కాబట్టే లంక భూములని వేరే లెక్క కట్టారు, వాటి లీజులూ వాటి మీద తగాదాలూ వేరే.

ఏటిగట్టు కూడా ఇక్కడ ముఖ్యం. గట్టుకు అవతల, నది వైపు ఉన్నది లంక. ఇవతల ఉన్నది, ఎంత పల్లమైనా, చేను. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. గట్టు ఇవతలివాళ్ళకు మూడోదాకా పెద్దగా టెన్షన్ ఉండదు, లంకల్లోవాళ్ళు అప్పటికే పశువులను గట్టెక్కించి ఉంటారు. 1986 ఆగస్టు వరదలో గట్లే తెగాయి, అది వేరే కథ. పేపర్లో ఏటా వచ్చే కనకాయలంక కాజ్‌వే మునిగిందన్న వార్తలో కాజ్‌వేని తెలుగు చెయ్యాలని తాపత్రయపడొద్దు, అక్కడివాళ్ళందరూ అనేది కాజ్‌వేయే.

అయితే లంక అని పేరుండగానే నీళ్ళు ఉండాలని లేదు. బండారులంక చేనేతకు పేరుపడ్డ ఊరు, కడియపులంక పూల మొక్కల నర్సరీలది, రెండింటికీ రోడ్డు మీద బస్సులో వెళ్ళొచ్చు. నీళ్ళు ఎప్పుడో పక్కకు జరిగినా పేరు మిగిలిందన్నమాట. బోడసకుర్రు, పల్లంకుర్రు, కేశనకుర్రు అని మీ వైపు ఇన్ని కుర్రులు ఎందుకున్నాయి అని ఎప్పుడైనా ఆలోచించారా? పక్కనే మామిడికుదురు కూడా ఉంది. మంగుళూరు, ఉడిపి వైపు తుళువాళ్ళు ఏటి మధ్య లంకను కుద్రు అంటారు. మన కుర్రు, కుదురు ఆ కుద్రుకు చుట్టాలేనని నా అనుమానం. అనుమానమే, పాఠంలో పెట్టకండి.

అంతర్వేది పేరును కూడా పనిలో పనిగా చూద్దాం. అక్కడ బ్రహ్మ యాగవేదిక కట్టాడని స్థలపురాణం. భాష వైపు నుంచి చూస్తే, గంగా యమునల నడిమి నేలను సంస్కృతంలో అంతర్వేది అనేవారు. రెండు నదుల మధ్య నేల అన్నమాట. మన తెలంగాణలో కృష్ణా తుంగభద్రల మధ్య గద్వాల, అలంపురం వైపు నేలను నడిగడ్డ అంటారు. భావం అదే, మాట మాత్రం అచ్చతెలుగు. కోనసీమా నడిగడ్డా రెండూ నదుల మధ్యవే అయినా, కోనసీమలో సార్వా, దాళ్వా (ఖరీఫ్, రబీ) రెండు పంటలూ కొబ్బరీ అరటీ, నడిగడ్డ నీళ్ళ కోసం మొహం వాచిన నేల. నది పక్కనుంటే సారవంతమే అనుకునేవాళ్ళకు నడిగడ్డ చూపించాలి. డెల్టాను పండించింది ఒండ్రూ కాలవలూ కలిసి.

పల్లిపాలెం విషయంలో గైడు పూర్తిగా పప్పులో కాలేసింది. అక్కడ పల్లి అంటే పల్లెటూరు కాదు. చేపలు పట్టే పల్లెవారు ఉండే పాలెం అది, ఇప్పుడు వాళ్ళు అగ్నికుల క్షత్రియులని రాసుకుంటున్నారు. అంతర్వేది పల్లిపాలెం అలాంటిదే. డెల్టా ఊళ్ళ పేర్లలో నేల ఎంత ఉందో మనుషులూ అంతే ఉన్నారు. ఫలానావారిపాలెం, ఫలానావారిపేట అని ఇంటిపేర్లతో కట్టిన ఊళ్ళు, రాజులిచ్చిన అగ్రహారాలు, నేతగాళ్ళ ఊళ్ళు, లంకల్లో కౌలుకు చేసుకునే దళితుల పేటలు. బ్రాహ్మణుల్లో తమిళ దేశం నుంచి వచ్చి స్థిరపడ్డ ద్రావిడులున్నారు. వచ్చినవాళ్ళే కాదు, పోయినవాళ్ళూ ఎక్కువే. గౌతమి చివర కోరంగి రేవులో ఓడలెక్కి బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళను అక్కడ కోరంగీలు అనేవారు, వాళ్ళు ఏ ఊరివాళ్ళయినా సరే. 1839 తుపాను ఆ రేవును దెబ్బతీసినా, బర్మాలో మనవాళ్ళ మీద ఆ పేరు ఉండిపోయింది. ఆ పక్కనే ఉన్న యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళది, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. అయినా భాష మీ భాషే, ఏటికి ఇటువైపు ఉన్నది ఎదుర్లంక.

మీ పిల్లలకు ఆ వాక్యాన్ని ఇలా దిద్ది ఇవ్వండి: "గోదావరి డెల్టాలో, గౌతమి, వసిష్ఠ పాయల మధ్య ఉన్న సారవంతమైన సీమ కోనసీమ. నదిలో ఎన్నో లంకలున్నాయి." ఉష్ణమండలం అన్నది తప్పు కాదు గానీ, ఆ వాక్యానికి దాని అవసరం లేదు.

చివరి సందేహం. వసిష్ఠ పాత రూపం, వశిష్ఠ కూడా నిఘంటువుల్లో ఉంది, జనం ఎక్కువగా పలికేదీ అదే. ఒకే వ్యాసంలో రెండూ కలపకుండా ఉంటే చాలు. ఠ బదులు ట రాస్తే మాత్రం దిద్దండి. సప్తగోదావరుల, అంటే గోదావరి ఏడు పాయల, పేర్లు నేర్పేటప్పుడు వైనతేయ ఆ ఏడింటిలో లేదని కూడా చెప్పండి, పిల్లలు ఎక్కువగా తప్పేది అక్కడే. ఆ ఏడింటిలోని తుల్యభాగ, కౌశిక ఇప్పుడు ఎక్కడున్నాయని అడిగితే, ఇరిగేషన్ రికార్డుల్లో డ్రెయిన్లుగా ఉన్నాయని చెప్పొచ్చు.