ఎండిపోయిన బావి ఎక్కడికి పోయింది?

సందేహం: మా అమ్మాయి తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు మీడియం. చిన్నప్పుడు 'అప్' అంటే పైకి, 'డౌన్' అంటే కిందికి అని నేనే నేర్పాను. మొన్న బడిలో కొన్ని వాక్యాలిచ్చి తెలుగులో రాయమన్నారు. 'ది వెల్ డ్రైడ్ అప్' అన్నదానికి 'బావి పైకి ఎండింది' అనీ, 'హీ గేవ్ అప్' అన్నదానికి 'అతను పైకి ఇచ్చాడు' అనీ రాసింది. టీచరు మొదటిదాన్ని 'బావి ఎండిపోయింది' అని దిద్ది పంపారు. "పోయింది అంటే వెళ్లింది కదమ్మా, బావి ఎక్కడికి వెళ్లింది?" అని మా అమ్మాయి అడిగితే నాకు జవాబు తోచలేదు. ఇంతకీ 'అప్'కు తెలుగులో సరైన మాట ఏది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: అమ్మా, మీ సందేహానికి జవాబు మీ అమ్మాయి అడిగిన ప్రశ్నలోనే ఉంది. బావి ఎక్కడికీ వెళ్లలేదు. 'డ్రైడ్ అప్'లో పైకి అన్న అర్థం ఎలా మాయమైందో, 'ఎండిపోయింది'లో వెళ్లడం అన్న అర్థమూ అలాగే మాయమైంది. రెండు భాషలూ ఒకే పని చేశాయి, వాడిన పనిముట్లు వేరు.

ముందు 'అప్' సంగతి చూద్దాం. 'స్టాండ్ అప్' అన్నప్పుడు అది నిజంగానే పైకి. 'ఈట్ అప్' అన్నప్పుడు మాత్రం తిండి పైకి పోదు కదా, కడుపులోకే పోతుంది. అక్కడ అప్ అంటే ఏమీ మిగల్చకుండా అని. 'టై అప్' అంటే కట్టేయడం, 'టియర్ అప్' అంటే చింపేయడం. ఒకటి కూర్చే పని, ఇంకొకటి విడగొట్టే పని, రెండింటికీ తోడు అదే అప్. 'షో అప్' అంటే కనబడటం, 'షట్ అప్' అంటే నోరు మూయడం, 'టైమ్ ఈజ్ అప్' అంటే గడువు ముగిసిందని. ఇల్లు 'బర్న్ అప్' అయినా 'బర్న్ డౌన్' అయినా మన లెక్కలో ఇల్లు కాలిపోయినట్టే. పైకీ కిందికీ తేడా లేకుండా పోయిందంటే, అక్కడ ఆ మాట దిక్కును చెప్పడం ఎప్పుడో మానేసిందని అర్థం.

దిక్కు చెప్పే మాటకు 'పూర్తిగా' అన్న అర్థం ఎలా వస్తుందని పిల్ల అడిగితే, కుండలో నీళ్లు పోస్తూ చూపించండి. మట్టం పైకి వస్తూ వస్తూ అంచును తాకింది, కుండ నిండింది, ఇక పోయడానికి లేదు. పైకి రావడమే చివరిదాకా రావడం అయింది, చివరిదాకా రావడమే పని ముగియడం అయింది. 

ఇది మన పిల్లలకే కష్టం అనుకోకండి. శామ్యూల్ జాన్సన్ 1755లో వెలువరించిన ఇంగ్లీషు నిఘంటువు ముందుమాటలోనే, క్రియకు వెనక చిన్నమాట తగిలించి అర్థం మార్చే ఈ పద్ధతి పరభాషల వాళ్లను అన్నిటికన్నా ఎక్కువ కష్టపెడుతుందని రాశాడు.

నిజానికి ఈ పద్ధతి మనకు కొత్త కాదు, సంస్కృతం చదివిన ఇళ్లలో పిల్లలకు చిన్నప్పుడే తెలిసేది. 'ఉపసర్గేణ ధాత్వర్థో బలాదన్యత్ర నీయతే, ప్రహారాహార సంహార విహార పరిహారవత్' అని ఒక పాత శ్లోకం. ఉపసర్గ, అంటే ముందు చేరే ప్ర, ఆ, సం లాంటి చిన్నమాట, ధాతువు (క్రియకు మూలమైన మాట) అర్థాన్ని బలవంతంగా ఇంకోచోటికి లాక్కుపోతుందని భావం. 'హార' ఒక్కటే, ముందు చేరిన చిన్నమాటను బట్టి అది దెబ్బ, తిండి, చంపడం, తిరగడం, తప్పుకు దిద్దుబాటు ఇన్ని అవుతుంది. సంస్కృతం ముందు పెట్టింది, ఇంగ్లీషు వెనక పెట్టింది, అంతే. ఇంకో ముచ్చట చెప్పనా? ఉపకారంలోనూ ఉపదేశంలోనూ కనబడే 'ఉప', ఇంగ్లీషు 'అప్', ఈ రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయని భాషా చరిత్రకారులు తేల్చారు. మీ అమ్మాయికి ఇది చెప్పండి, తప్పక సంతోషిస్తుంది.

తెలుగు దారి వేరు. అచ్చ తెలుగు క్రియకు ముందు ఉపసర్గ చేరదు, వెనక 'అప్' లాంటి అవ్యయమూ చేరదు. మనం క్రియ వెనక ఇంకో క్రియను పెడతాం. వేయు, పోవు, కొను, పెట్టు, పడు. ఇవన్నీ ఒంటరిగా ఉన్నప్పుడు బరువైన మాటలే. వేరే క్రియకు తోక అయ్యేసరికి సొంత అర్థం వదులుకుని, ఆ పని ఎలా జరిగిందో చెప్పే మాటలవుతాయి. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి, నిఘంటుకారుడు గ్విన్ కలిసి ఇంగ్లీషులో రాయగా 1985లో అచ్చయిన ఆధునిక తెలుగు వ్యాకరణం వీటిని సహాయక క్రియలుగానే చూపింది.

'తినేశాడు' తీసుకోండి. పాత రూపం తినివైచె. వైచు అంటే విసరడం. అది తినివేసె అయి, వాడుకలో నలిగి తినేశాడు అయింది. ఇందులో విసిరిందేమీ లేదు, మిగల్చలేదని మాత్రమే. అంటే 'ఈట్ అప్'లోని అప్ పనే మన వేయు చేస్తోంది. 'పోవు' కథ ఇంకా లోతు. 'చను' అంటేనే వెళ్లడం. ప్రాణం పోయినవాణ్ణి 'చనిపోయాడు' అంటాం. అక్షరాలా చూస్తే వెళ్లి వెళ్లాడు అని! మాట్లాడేటప్పుడు అది ఎవరికీ గుర్తుండదు. బావి పోవడమూ ఇలాంటిదే.

ఇక 'హీ గేవ్ అప్'. దీనికి ఒక్క మాట అడిగితే నేను ఇవ్వలేను, ఇవ్వకూడదు కూడా. సిగరెట్లయితే మానేశాడు. ఆశ అయితే వదులుకున్నాడు. బస్సులో ముసలాయన కోసం సీటయితే ఇచ్చేశాడు. పోలీసులకయితే లొంగిపోయాడు. పని తనవల్ల కాదనుకుంటే చేతులెత్తేశాడు. ఈ అయిదింటినీ మళ్లీ చదవండి. ఇంగ్లీషులో అన్నిచోట్లా గివ్ అప్ ఒక్కటే. తెలుగులో మొదటి క్రియ ప్రతిసారీ మారింది, కానీ వెనక తోక లేని వాక్యం ఒక్కటీ లేదు. తోకలూ ఊరికే రాలేదు. తలచుకుని చేసి వదిలించుకున్న పనికి వేయు, తన మనసులోనే జరిగినదానికి కొను, ఉన్న స్థితి నుంచి ఇంకో స్థితికి మారినదానికి పోవు. డబ్బు 'యూజ్డ్ అప్' అని ఇంగ్లీషువాడు అని ఊరుకోవచ్చు. మనం 'వాడేశాం' అనాలా 'అయిపోయింది' అనాలా తేల్చుకోవాలి. ఒకదాంట్లో బాధ్యత మనమీద ఉంది, రెండోదాంట్లో లేదు. పిల్లలు "గ్లాసు పగిలిపోయింది" అంటారే కానీ "పగలగొట్టేశాను" అని ఎందుకనరో ఆలోచించండి. తెలుగు నాకు ఇంత ఇష్టం కావడానికి ఇలాంటి చోట్లే కారణం.

'చేతులెత్తేశాడు' దగ్గర కాసేపు ఆగాలి. మీరు అడిగిన 'పైకి' అసలు ఇక్కడ దాక్కుని ఉంది. 'అప్'కు తెలుగులో దగ్గరి చుట్టం ఎవరని నన్నడిగితే 'పైకి' అనను, 'ఎత్తు' అంటాను. ఫోను పికప్ చేయడం ఫోను ఎత్తడం (తెలంగాణలో ఫోను లేపడం అని కూడా వింటాం). పాత గొడవను 'బ్రింగ్ అప్' చేస్తే "ఇప్పుడా మాట ఎత్తకు" అంటాం. భజనలో ఒకాయన పాట 'ఎత్తుకుంటాడు', ఇంగ్లీషులో అది 'స్ట్రైక్ అప్'. లేనిపోని పనిని నెత్తికెత్తుకుంటాం, అది 'టేక్ అప్'. అన్నిటికన్నా నన్ను ఆకట్టుకునేది 'ఎత్తేయడం'. ఊరికి వచ్చే బస్సును ఎత్తేశారు, దుకాణం ఎత్తేశాడు, పాత పన్ను ఎత్తేశారు. ఖమ్మంలో 'ఎత్తేసిండ్రు' అన్నా కాకినాడలో 'ఎత్తేశారు' అన్నా అర్థం ఒకటే, ఇక లేదు అని. పైకి లేపడం అన్న మాటకు ముగించడం అన్న అర్థం ఇంగ్లీషులో 'అప్'కు వచ్చినట్టే మన ఎత్తుకూ వచ్చింది. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నది కాదు, ఎవరి దారిన వాళ్లు నడిచి ఒకే రేవుకు చేరారు. తోక మహిమ చూడాలంటే 'చేతులెత్తి' అన్నది చాలు. దేవుడి ముందు చేతులెత్తాడంటే భక్తి. చేతులెత్తేశాడంటే ఓటమి. మధ్యలో చేరింది ఆ 'వేయు' తోక ఒక్కటే.

'పైకి'కి తెలుగులో పని లేదని కాదు, దాని పనులు దానికున్నాయి. కష్టపడి పైకొచ్చాడంటే బాగుపడ్డాడని. పైకి నవ్వుతున్నాడంటే లోపల నవ్వడం లేదని. మా బళ్లో మాస్టారు "పైకి చదవరా" అనేవారు, అంటే నలుగురికీ వినబడేట్టు చదవమని. 'స్పీక్ అప్'కు ఇది కొంచెం దగ్గర కానీ, మాట్లాడటానికి మాత్రం 'గట్టిగా' అనే అంటాం. ఇలా సొంత కాపురం ఉన్న మాటను తీసుకెళ్లి ప్రతి 'అప్' ఎదురుగా నిలబెడితే 'బావి పైకి ఎండింది' లాంటివి వస్తాయి. తప్పు మీ అమ్మాయిది కాదు, ఒక మాటకు ఒకే మాట అని నేర్పే అలవాటుది.

'మేక్ అప్' ఇంకో మంచి పరీక్ష. కథ మేకప్ చేస్తే కట్టుకథ, అల్లిక. దెబ్బలాడుకున్నవాళ్లు మేకప్ చేసుకుంటే మళ్లీ కలిసిపోయారు. నష్టాన్ని చేస్తే పూడ్చుకున్నారు. మనసును చేస్తే నిశ్చయించుకున్నారు. ముఖానికి చేసుకున్నదాన్ని మాత్రం మనం మేకప్ అనే ఉంచేశాం, ఉండనివ్వండి. లాకప్, గెటప్, చెకప్ కూడా అలాగే వచ్చి స్థిరపడ్డాయి. 'బిల్డప్'కు మన దగ్గర కొత్త అర్థమే వచ్చింది. "ఊరికే బిల్డప్ ఇస్తున్నాడు" అంటే లేని గొప్ప చూపిస్తున్నాడని. ఇంగ్లీషు సొంతభాషగా ఉన్నవాడికి ఆ వాక్యం చెబితే అర్థం కాదు. అప్పుతెచ్చుకున్న మాటకు మనం కొత్త అర్థం ఇస్తే అది మన మాటే అయినట్టు, దాన్ని వెళ్లగొట్టమని నేను చెప్పను. నేను అభ్యంతరపెట్టేది 'సైన్ అప్ చేయండి' లాంటివాటికి. 'నమోదు చేసుకోండి' అని అంత మంచి మాట, చదువు రానివాళ్లు కూడా వాడుతున్నది, చేతిలో ఉండగా ఎందుకు? అందులోని 'కో' చూశారా, నమోదు ఎవరి మేలు కోసమో అది చెబుతోంది. 'అప్' చెప్పలేదు.

చివరగా, మీరు అడగకపోయినా ఒక జాగ్రత్త. ఈ తోకలను ముందున్న క్రియకు ఆనించే రాయాలి. 'ఎండి పోయింది' అని కొందరు విడగొట్టి రాస్తారు. బావి విషయంలో పెద్ద నష్టం లేదు కానీ, విడిగా రాస్తే పోవుకు దాని పాత అర్థం తిరిగొస్తుంది, మీ అమ్మాయి ప్రశ్న నిజమవుతుంది. 'ఆవిడ సభలోంచి లేచి పోయింది' అంటే లేచి వెళ్లిందని. ఆ ఖాళీ తీసేసి రాస్తే ఏమవుతుందో మీకు తెలుసు.