ఒక్కసారి ఉమ్మి తగిలిన పన్ను

చిరంజీవి హారికకు,
పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు కనిగిరి వైపు బడుల్లో పిల్లల పళ్ళకి పుచ్చకుండా కాపాడే పూత, అదే సీలెంట్లు, వేయబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నాకెంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. కానీ ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు. కుర్చీ, లైటు, సిస్టర్ అన్నీ అమరిన క్లినిక్‌లో చేసే పని వేరు, బడి వరండాలో బెంచీ మీద పడుకోబెట్టి చేసే పని వేరు. అందుకే ఈ ఉత్తరం.

పన్ను శుభ్రం చెయ్యడం, ఆమ్లం పెట్టి గరుకు చేసే ఎచింగ్, కడగడం, ఆరబెట్టడం, సీలెంట్, దాన్ని గట్టిపరిచే లైటు. ఈ వరస నిద్రలో లేపి అడిగినా చెప్తావు. నా భయమంతా కడగడానికీ సీలెంట్ పెట్టడానికీ మధ్యనున్న ఆ కొద్ది క్షణాల గురించే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సంస్థవాళ్ళు పెట్టిన క్యాంపుకి వెళ్ళాను. సాయంత్రానికి ఎంతమంది పిల్లలు పూర్తయ్యారన్నదే వాళ్ళకి కావలసింది. మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటర్ మీద లైటూ కంప్రెసరూ నడిచాయి గానీ ఉమ్మి పీల్చే సక్షన్ నడవలేదు. ఆపుదామని ఎవరూ అనలేదు. మా సీనియర్ ఒట్టి కాటన్ రోల్స్‌తోనే కానిచ్చేశారు. ఒక పాప నాకిప్పటికీ కళ్ళముందే ఉంది. ఆరేడేళ్ళుంటాయి, కింది దవడ పన్ను అప్పుడప్పుడే వచ్చింది. ఎచెంట్, అదే ఆ ఆమ్లం, కడిగి గాలి కొట్టాక పన్ను సుద్ద తెలుపు తేలింది, ఎచింగ్ పట్టిందనడానికి అదే గుర్తు. అంతలో పాప గుటక వేసింది. నాలుక కాటన్‌ని పక్కకి తోసి, పంటిని తాకి వెళ్ళిపోయింది. రెప్పపాటు, అంతే. సీనియర్ మళ్ళీ గాలి కొట్టారు, పన్ను దాదాపు అంతే తెల్లగా కనబడింది. "ఆరిపోయిందిలే" అని సీలెంట్ పెట్టేశారు. లైటు పట్టాక నిగనిగలాడుతూ ఏ లోపమూ కనిపించలేదు.

మరుసటి ఏడాది అదే బడికి వెళ్తే చాలామంది పళ్ళ మీద సీలెంట్ ఆనవాలే లేదు. ఆ పాప పంటి మీద సగం మిగిలింది. అంచు కింద ఎక్స్‌ప్లోరర్ సూది పెట్టగానే పెచ్చులా లేచి వచ్చింది, అడుగున గోధుమరంగు. "మందు పెట్టారు కదమ్మా, ఇక పుచ్చదనుకున్నాం" అంది వాళ్ళమ్మ. ఆవిడకి ఏం జవాబు చెప్పాలి?

ఎచింగ్ పంటి పైపొర ఎనామెల్‌లో కంటికి ఆననంత సన్నటి రంధ్రాలు చేస్తుంది. సీలెంట్ వాటిలోకి దిగి పట్టుకోవాలి. ఉమ్మి తగిలితే అందులోని ప్రొటీన్లు సెకన్లలో ఆ రంధ్రాలని కప్పేస్తాయి. గాలికి నీళ్ళు పోతాయి, ఆ పొర పోదు. అందుకని ఉమ్మి తగిలిందేమోనన్న అనుమానం వచ్చినా సరే, కడిగి మళ్ళీ ఎచ్ చెయ్యి. ఎనామెల్‌కి ఆమ్లం పెట్టే పద్ధతిని దంతవైద్యుడు బ్యూనోకోర్ 1955లో చూపించారు. ఇన్నేళ్ళలో సీలెంట్‌కి వాడే రెజిన్లు ఎంతో మెరుగయ్యాయి. ముందు అతికించే మందు, బాండింగ్ ఏజెంట్, రాస్తే తేమని కొంత తట్టుకుంటాయి కూడా. దాన్ని నమ్ముకుని ఏమరుపాటుగా ఉండకు. ఆవకాయ కలిపే రోజు అమ్మమ్మ తడి చేతులవాళ్ళని వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు, గుర్తుందా? తుడుచుకున్నామన్నా వినేది కాదు. నువ్వూ అంత మొండిగా ఉండు.

ఉమ్మి తగలకుండా పన్ను చుట్టూ బిగించే రబ్బరు రేకు, రబ్బర్ డ్యామ్‌ని మించింది లేదు. కానీ సగం వచ్చిన పంటికి దాన్ని పట్టి ఉంచే క్లాంప్ నిలవదు, బడిలో పిల్లలు బెదిరిపోతారు. కాబట్టి కాటన్ రోల్సే దిక్కు. ఒకసారికి ఒక పక్కే చెయ్యి. పైపళ్ళకి బుగ్గలో ఉమ్మి నాళం తెరుచుకునే చోట త్రికోణం ప్యాడ్ కూడా పెట్టు. అసలు ప్రమాదం కడిగాక తడిసిన రోల్స్ మార్చేటప్పుడు. పాతది తీసి కొత్తది పెట్టేలోపు నాలుక వచ్చేస్తుంది. సక్షన్ అక్కడి నుంచి కదలకూడదు. వీలైతే తడిదాని పైనే పొడిది పెట్టేయి. అంతా అయ్యాక ఎండిన రోల్‌ని అలాగే లాగితే బుగ్గ లోపలి పొర ఊడొస్తుంది, తడిపి తియ్యి.

కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్ళు పొద్దున్నే వదిలెయ్యి. ప్రతి బిడ్డకీ ముందు సిరంజి గాలిని నోటి అద్దం మీద కొట్టి చూడు. తేమ గానీ నూనె జాడ గానీ కనిపిస్తే ఆ గాలితో పన్ను ఆరదు.

అక్కడి నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. దానివల్ల మచ్చలు పడ్డ ఎనామెల్ ఆమ్లానికి తొందరగా లొంగదు, మామూలు పంటికి పట్టే 15-30 సెకన్లు చాలకపోవచ్చు. పైగా మచ్చల తెలుపు చూసి ఎచింగ్ తెలుపనుకునే ప్రమాదముంది. మొదలుపెట్టకముందే పన్ను ఆరబెట్టి దాని అసలు రంగు గుర్తుపెట్టుకో. వెనకభాగాన్ని చిగురు ఇంకా కప్పి ఉంటే రెజిన్ జోలికి పోకు. గ్లాస్ అయనోమర్ సిమెంటు పెట్టు. అది అంతకాలం నిలవదు గానీ తేమని ఓర్చుకుంటుంది, పన్ను పూర్తిగా బయటికొచ్చేదాకా కాపు కాస్తుంది.

నీ తొందర నాకు తెలుసు, అందుకే ఇంతగా చెప్తున్నాను. నీ దవడ పళ్ళకి సీలెంట్ వేసింది నేనే. "అయిపోయిందా పెద్దమ్మా" అని అడగబోయి ప్రతిసారీ నోరు మూసేసేదానివి. మీ అమ్మ నీ చెయ్యి పట్టుకుని, ముక్కుతో గాలి పీల్చు తల్లీ అంటూ కూర్చుంటే గానీ పని కాలేదు. నువ్వూ పిల్లలకి ముందే చెప్పు. ఎచెంట్ పుల్లగా ఉంటుందనీ, నాలుకతో వెతకొద్దనీ చెప్పు. పిల్లలు చెప్తే వింటారు.

రోజుకి ఎంతమందిని చూస్తావని హెడ్మాస్టరుగారు అడుగుతారు. సంఖ్య ఒప్పుకోకు. సక్షన్ ఆగితే పనీ ఆపెయ్యి, మిగతావాళ్ళని ఇంకో రోజు రమ్మను. ఆరు నెలలకి మళ్ళీ వచ్చి చూస్తావని ప్రతి తల్లికీ కాగితం మీద రాసి పంపు, మాట ప్రకారం వెళ్ళు.

పక్కన ఇంకో మనిషి లేకుండా మాత్రం మొదలుపెట్టొద్దు. ఎవరూ దొరక్కపోతే మొహమాటపడకుండా నాకు ఫోన్ చెయ్యి. మోకాళ్ళ నొప్పులున్నా కూర్చుని సక్షన్ పట్టుకోగలను. తేదీలు ముందుగా చెబితే విజయవాడలో రైలెక్కి ఒంగోలు వచ్చేస్తాను. అక్కడి నుంచి నీ జీపులో నాకూ చోటుంచు.

ప్రేమతో,
పెద్దమ్మ