మీ నాన్నకి ఆపరేషన్ ఎందుకు వద్దన్నానంటే

అమ్మలూ,

నువ్వు పంపిన మీ నాన్న పొట్ట బయాప్సీ రిపోర్టు రెండుసార్లు చదివాను. లింఫోమా, అంటే ఒక రకం తెల్ల రక్తకణాల క్యాన్సర్, అన్న మాట చూడగానే ఇంటిల్లిపాదీ ఎంత బెంబేలెత్తి ఉంటారో నాకు తెలుసు. మీ బాబాయి "కోసి తీసెయ్యాల్సిందే" అంటున్నాడని రాశావు. ఒకప్పుడు అదే చేసేవాళ్లు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఇలాంటి జబ్బుకి పొట్ట సగమో, మొత్తమో తీసి మా ల్యాబ్‌కి పంపేవారు. ఇప్పుడు ఆపరేషన్ దాదాపుగా రక్తస్రావం ఆగకపోతేనో, పొట్టకి చిల్లు పడితేనో మాత్రమే.

రిపోర్టులో రెండు చోట్ల గీత గీసుకో. పైన "మాల్ట్ లింఫోమా" అని ఉంది, అంటే పొట్ట లోపలి పొరలో నెమ్మదిగా పెరిగే రకం. కింద హెలికోబాక్టర్ పైలోరి కనిపించిందని ఉంది. పైది జబ్బు, కిందది దాని మూలం. ఈ క్రిమి ఏళ్ల తరబడి పొట్టలో తిష్ట వేస్తే దాన్ని ఎదుర్కోవడానికి లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు వచ్చి చేరతాయి. వాటిలో ఒక గుంపు అదుపు తప్పుతుంది. మైక్రోస్కోపు కింద చూస్తే ఆ కణాలు గుండ్రటి గ్రంథుల గోడల్లోకి చొరబడి వాటి ఆకారాన్నే చెరిపేస్తూ కనిపిస్తాయి. కానీ తొలి దశలో ఆ కణాలు పెరగాలంటే క్రిమి ఎగదోస్తూ ఉండాలి. క్రిమి పోతే చాలామందిలో అవీ క్రమంగా అణగిపోతాయి. 1993లో లాన్సెట్ పత్రికలో ఆరుగురు రోగుల సంగతి వచ్చింది. క్రిమిని చంపే మందులిస్తే వాళ్లలో ఐదుగురికి లింఫోమా కరిగిపోయింది. యాంటీబయాటిక్స్‌తో క్యాన్సర్ తగ్గడమా అని అప్పట్లో మేమంతా నోరెళ్లబెట్టాం.

మందులు మొదలుపెట్టే ముందు బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు (మైనంలో పెట్టి ఉంచిన ముక్కలు) హాస్పిటల్లో అడిగి తీసుకో. నిమ్స్‌లోనో, వెల్లూరు సీఎంసీలోనో లింఫోమాలు చూడటంలో చెయ్యి తిరిగిన పాథాలజిస్టుకి చూపించు. పెద్ద కణాలు గుంపులుగా ఉన్నాయా అని తప్పకుండా అడుగు. ఉంటే అది వేరే జబ్బు కింద లెక్క, కీమో దారి పట్టాలి. పదకొండు, పద్దెనిమిది క్రోమోజోముల మధ్య మార్పిడి ఉందేమో కూడా పరీక్ష చేయించమను. అది ఉంటే యాంటీబయాటిక్స్ ఒక్కటే సాధారణంగా సరిపోవు. జబ్బు పొట్ట దాటలేదని సీటీ, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చెప్పాలి.

మందులు సాధారణంగా 14 రోజులు. యాసిడ్ తగ్గించే మాత్ర, దానితో పాటు రెండు మూడు రకాల మందులు. నోరు చేదెక్కుతుంది, తిండి సహించదు, ఒక్కోసారి విరేచనాలవుతాయి. బిస్మత్ ఇస్తే విరేచనం నల్లగా అవుతుంది, అందుకు కంగారు పడకండి. కానీ ఆ మందు లేకుండానే తారులా నల్లగా అయితే వెంటనే హాస్పిటల్‌కి పరుగెత్తాలి. మూడో రోజు కాస్త నెమ్మదించిందని మీ నాన్న మాత్రలు ఆపేస్తాడు, నాకు తెలుసు ఆయన సంగతి. నువ్వే దగ్గరుండి మింగించు. మన దేశంలో ఈ క్రిమి చాలా మందులకి లొంగట్లేదు, సగంలో వదిలేస్తే ఇంకా మొండికేస్తుంది. ఆయనకి పెన్సిలిన్ పడదన్న సంగతి డాక్టరుకి ముందే చెప్పు.

కోర్సు అయిన నాలుగు వారాల తర్వాత శ్వాస పరీక్షో, మల పరీక్షో చేయించండి. దానికి ముందు రెండు వారాలు యాసిడ్ మాత్ర ఆపాలి, లేకపోతే క్రిమి ఉన్నా లేనట్టు చూపిస్తుంది. ఇంకా ఉంటే వేరే మందులతో మరో కోర్సు.

ఆ తర్వాతే అసలు కష్టం. అది ఎదురుచూడటం. మందుల తర్వాత చేసే మొదటి ఎండోస్కోపీలో ఇంకా కొన్ని కణాలు ఉన్నాయని రాస్తారు, అందరికీ మళ్లీ టెన్షన్ పట్టుకుంటుంది. క్రిమి పోయి, జబ్బు పెరగకుండా ఉంటే ఏడాది దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువకాలం ఆగొచ్చు. అప్పుడెవరైనా తొందరపెడితే నాకు ఫోన్ చెయ్యి. తగ్గకపోతే రేడియేషన్ ఉంది, మూడు నాలుగు వారాలు, తక్కువ మోతాదు. ఖాళీ కడుపుతో వెళ్లాలి. ఈ జబ్బు దానికి బాగా లొంగుతుంది, పొట్ట పొట్టలాగే ఉంటుంది.

పూర్తిగా తగ్గినా ఎండోస్కోపీలు మానకండి. ఈ జబ్బు వచ్చిన పొట్టలో మామూలు పొట్ట క్యాన్సర్ వచ్చే ప్రమాదం కూడా కొంచెం ఎక్కువే. మీ అమ్మకీ, నీకూ కూడా క్రిమి పరీక్ష చేయించాలేమో డాక్టరుని అడుగు. స్లైడ్లు చేతికి రాగానే చెప్పు, ఎక్కడికి పంపాలో మాట్లాడతాను.

మీ పెద్దమ్మ