న్యూజెర్సీ పెరట్లో పురుగులు: మందు కన్నా ముందు చేయాల్సిన పనులు

జులై వచ్చిందంటే కొత్తగా ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళ దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న: "గుమ్మడి పాదు మొన్నటిదాకా నిగనిగలాడింది, ఇవాళ ఎండకి మొత్తం వాలిపోయింది. పిల్లలు తినే కాయలు కదా, కెమికల్స్ కొట్టం. ఇంట్లో చేసుకునే మందేదైనా చెప్పండి."

కెమికల్స్ వద్దనుకోవడం మంచి నిర్ణయం. కాకపోతే ఈ పాదుకి వేపనూనె కొట్టినా, వెల్లుల్లి కషాయం కొట్టినా ఇప్పుడు లాభం లేదు, పురుగు కాడ లోపల ఉంది. ఇక్కడి పురుగుల్లో చాలావాటికి సంవత్సరంలో ఫలానా నాలుగైదు వారాలని ఒక కాలం ఉంటుంది. ఆ వారాల్లో మొక్కని కప్పి ఉంచితే సగం పని అయిపోయినట్టే. మందు, అది ఎంత సహజమైనదైనా సరే, ఆఖరి మాట.

గుమ్మడి సంగతే చూడండి. స్క్వాష్ వైన్ బోరర్ అనే చిమ్మట జూన్ మధ్య నుంచి జులై ఆఖరు దాకా పట్టపగలే ఎగురుతుంది. నారింజ రంగు పొట్ట మీద నల్లచుక్కలుంటాయి, చూసినవాళ్ళు కందిరీగ అనుకుంటారు. కాడ మొదట్లో ఒక్కో గుడ్డు చొప్పున పెట్టుకుంటూ పోతుంది. వారం పదిరోజుల్లో పిల్లపురుగు బయటికొచ్చి కాడని తొలుచుకుని లోపలికి దూరుతుంది. కాడ మొదలు దగ్గర రంపపు పొట్టులాంటి పొడి రాలి కనిపిస్తే అదే. అప్పుడు చేయగలిగింది ఒకటి: సన్నటి కత్తితో కాడని నిలువుగా చీల్చి, పురుగుని తీసేసి, ఆ చోటంతా తడిమట్టితో కప్పెయ్యాలి. కణుపుల దగ్గర కొత్త వేళ్ళు వేసి పాదు చాలాసార్లు తేరుకుంటుంది.

వచ్చే ఏడాదికి మాత్రం ముందే జాగ్రత్తపడండి. నర్సరీల్లో రో కవర్ అని తెల్లటి పల్చని గుడ్డ అమ్ముతారు, ఎండా వానా లోపలికి పోతాయి, పురుగు పోదు. నాటిన రోజే పాదు మీద కప్పి, అంచులు మట్టితో అదిమెయ్యండి. ఆడపువ్వులు వచ్చాక తీసెయ్యాలి, లేకపోతే తేనెటీగలు రాక పిందెలు నిలవవు. గుమ్మడిలో కూడా బటర్‌నట్ రకం వేసుకుంటే దాని కాడ గట్టిది, ఈ పురుగు అంతగా పట్టదు. సొర, బీర, కాకర పాదుల జోలికి ఇది పెద్దగా రాదు కాబట్టి వాటి గురించి దిగులుపడకండి.

మనూళ్ళో మిరప, వేరుశెనగ చేలల్లో ఆముదం ఎర పంటగా వేసి పొగాకు లద్దెపురుగుని అటు మళ్ళించడం చాలామంది చూసే ఉంటారు. ఇక్కడి రైతులు బ్లూ హబ్బర్డ్ అనే గుమ్మడిని అలాగే వాడతారు. చేను అంచున దాన్ని వేస్తే బోరరూ, దోస మీది పెంకుపురుగులూ ముందు దాని మీద పడతాయి. పెరట్లో చోటుంటే ఒక మూల వేసి చూడండి. ఆముదం మాత్రం ఇక్కడ వద్దు. పిల్లలూ కుక్కలూ తిరిగే పెరడు, ఆ గింజలు విషం.

పప్పుదోస వేసేవాళ్ళు పసుపు ఒంటి మీద మూడు నల్లచారలున్న పెంకుపురుగుని గుర్తుపట్టాలి. అది ఆకు తినడం కన్నా అది మోసుకొచ్చే తెగులే ప్రమాదం. తీగ వాడిపోతే మొదలు దగ్గర కోసి, రెండు ముక్కల్నీ ఒకసారి ఆనించి మెల్లగా విడదీయండి. జిగురు దారాలు సాగితే ఆ తీగ బతకదు, పీకి చెత్తలో వెయ్యండి. దీనికీ నివారణ ఆ తెల్లగుడ్డే.

వంకాయ విషయంలో ఒక శుభవార్త. మనదేశంలో కాయ కోస్తే లోపల కనిపించే పురుగు అమెరికాలో పాతుకోలేదు. ఎయిర్‌పోర్టులో వంకాయలూ మొక్కలూ తీసేసుకోవడానికి ఇలాంటి పురుగులే కారణం. దయచేసి సూట్‌కేసులో మొక్కలు దాచి తేవద్దు. ఇక్కడ వంగకి శత్రువు మే, జూన్‌లలో వచ్చే చిన్న నల్ల ఎగురు పురుగు, ఆకుల నిండా సూది బెజ్జాలు చేస్తుంది. నారు కాస్త ముదిరాక నాటి, పూత దాకా కప్పి ఉంచితే ఆ తర్వాత మొక్క తట్టుకుంటుంది. ఆకు అడుగున బంగాళాదుంప పెంకుపురుగు పెట్టే నారింజ పసుపు గుడ్ల గుంపు కనిపిస్తే వేళ్ళతో నలిపెయ్యండి.

ఇక జపాన్ పెంకుపురుగు. అమెరికాలో ఇది మొట్టమొదట బయటపడింది మన న్యూజెర్సీలోనే, 1916లో రివర్టన్ దగ్గరి నర్సరీలో. జూన్ ఆఖరు నుంచి ఆగస్టు దాకా గోంగూర, బెండ, చిక్కుడు ఆకుల్ని ఈనెలు తప్ప మిగల్చకుండా తినేస్తుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు అవి మందకొడిగా ఉంటాయి. సబ్బునీళ్ళ డబ్బా కింద పట్టుకుని ఆకు తడితే వాటంతటవే పడిపోతాయి. మొదటి వారంలోనే మొదలుపెట్టండి, ఎందుకంటే కొరికిన ఆకు వాసన ఇంకా కొన్నింటిని రప్పిస్తుంది. దుకాణాల్లో అమ్మే వాసన సంచులు కొనకండి, పక్కింటి పురుగులు కూడా మీ పెరట్లోకి వచ్చి చేరతాయి.

బూడిదరంగు రెక్కల లాంటర్న్‌ఫ్లైని చూసి చాలామంది కంగారుపడి కనిపించిన చోటల్లా ఏదో ఒకటి కొట్టేస్తున్నారు. 2014లో పెన్సిల్వేనియాలో బయటపడ్డ ఈ పురుగుతో ద్రాక్షకి ముప్పు, మన కూరగాయలకి అంతగా లేదు. కాలితో తొక్కెయ్యండి చాలు.

టమాటా మీద వేలెడంత ఆకుపచ్చ పురుగు వీపంతా బియ్యపు గింజల్లాంటి తెల్లటి గూళ్ళు కనిపిస్తే దాన్ని చంపకండి. అవి చిన్న కందిరీగల గూళ్ళు. ఆ పురుగు ఎలాగూ చస్తుంది, బయటికొచ్చిన కందిరీగలు మిగతావాటి సంగతి చూసుకుంటాయి. మన కోసం పనిచేసే ఇలాంటి ప్రాణులు పెరట్లో ఉన్నాయనే నేను మందు ఆఖరన్నది.

అయినా కొట్టక తప్పదంటే మూడే చెప్తాను. కేబేజీ, కాలీఫ్లవర్ మీద లద్దెపురుగులకి బీటీ అనే బాక్టీరియా మందు. అది తిన్న పురుగే చస్తుంది, తేనెటీగలకి హాని లేదు. పేనుబంకకి ముందు గట్టి ధారతో నీళ్ళు, అయినా పోకపోతే పురుగుల కోసమే అమ్మే సబ్బు ద్రావణం. గిన్నెలు తోమే సబ్బు వద్దు, ఆకులు మాడతాయి. మూడోది వేపనూనె. లేబుల్ మీద ఈపీఏ (అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నది కొని, అందులో రాసిన కొలతే కలపండి. 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన ఎండలో కొట్టకండి. అన్నిటికీ సాయంత్రం కొట్టమంటారు గానీ, సొరపువ్వూ బీరపువ్వూ విచ్చుకునేది సాయంత్రమే. ఆ పందిళ్ళ దగ్గర పూల మీద పడకుండా ఆకు అడుగున మాత్రమే కొట్టండి. పిందెలు రాలుతుంటే చాలాసార్లు తప్పు పురుగుది కాదు, పుప్పొడి అందలేదంతే. చీకటి పడే వేళ మగపువ్వు కోసి ఆడపువ్వుకి రుద్దండి.

ఊళ్ళో పురుగులకి అగ్నిఅస్త్రం అనే కషాయం వాడేవాళ్ళం, ఇక్కడా కాచుకోవచ్చా అని అడుగుతారు. అందులో పొగాకు ఉంటుంది. నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. వంటింటి పొయ్యి మీద, పిల్లల మధ్య చేసే పని కాదది. అలాగే చీమలకని ఇండియా నుంచి తెచ్చే సుద్దముక్కలు, సామానులో వచ్చే పురుగుమందు సీసాలు ఇక్కడ చట్టవిరుద్ధం. పాత ఓనరు గరాజ్‌లో వదిలేసిన సీసాలుంటే మోరీలో పొయ్యకుండా కౌంటీ ప్రమాదకర చెత్త తీసుకునే రోజున ఇచ్చెయ్యండి.

ఏ పురుగో తెలియకపోతే అడగడానికి మొహమాటం వద్దు. సాగు సలహాలిచ్చే రట్గర్స్ యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు రాష్ట్రంలోని 21 కౌంటీల్లోనూ ఉంది. ఫోటో పంపినా చూసి చెప్పే మాస్టర్ గార్డెనర్లు, అంటే శిక్షణ పొందిన వాలంటీర్లు, అక్కడ ఉంటారు.

చివరగా కరివేపాకు కుండీ. రాత్రి చలి 50 డిగ్రీలకి దిగకముందే లోపలికి తెస్తాం కదా, ఆ ముందురోజు ఆకు అడుగులన్నీ నీళ్ళ ధారతో కడగండి. కాడకి అంటుకున్న పొలుసు పురుగుల్ని రబ్బింగ్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిచెయ్యండి. ఇంటిమొక్కల కోసం అమ్మే గుళికల మందు ఆ కుండీలో ఎప్పుడూ వెయ్యొద్దు. అది వేళ్ళగుండా ఆకుల్లోకి ఎక్కుతుంది, ఆ ఆకే మనం పోపులో వేసుకునేది.