బార్బడోస్‌లో నీళ్లలోకి దిగే ముందు

2024 జూన్ 29న కెన్సింగ్టన్ ఓవల్‌లో టీ20 ప్రపంచకప్ గెలిచిన మన జట్టు, సిరాజ్‌తో సహా, రోజుల తరబడి ఈ దీవిలోనే చిక్కుకుపోయింది గుర్తుందా? బెరిల్ తుఫాను వల్ల. నిజానికి బెరిల్ బార్బడోస్‌ను నేరుగా తాకలేదు. జూలై 1న దక్షిణంగా దాటిపోయింది. అయినా ఇక్కడి రాజధాని బ్రిడ్జ్‌టౌన్ రేవులో చేపల పడవలు ముక్కలైపోయాయి. గాలి కన్నా అలలు చేసిన నష్టమే ఎక్కువ.

ఈ సంగతితో ఎందుకు మొదలుపెట్టానంటే, మెడిసిన్ చదవడానికో ఉద్యోగానికో కొత్తగా వచ్చే మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది స్నోర్కెలింగ్ గురించే, అంటే మాస్కు, ఊపిరి గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ అడుగున ఉన్నవి చూడటం. "ఎండ బాగా కాస్తోంది, గాలి లేదు, వెళ్లొచ్చు కదా అండీ?" అంటారు. ఎండా గాలీ చూస్తే సరిపోదు. ఇక్కడి అల చాలాసార్లు వందల మైళ్ల అవతల పుట్టి వస్తుంది.

ముందు దీవి సంగతి. పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు 23. తూర్పున అట్లాంటిక్, పడమట కరీబియన్. వ్యాపార పవనాలు ఏడాది పొడవునా తూర్పు నుంచే వీస్తాయి కాబట్టి తూర్పు ఒడ్డున కెరటం ఎప్పుడూ పెద్దదే. బాత్‌షెబాలో ఆ పెద్ద బండరాళ్ల దగ్గర ఫోటోలు దిగండి, టీ తాగండి, నీళ్లలోకి మాత్రం దిగకండి. మనిషిని లోపలికి లాగేసే ప్రవాహాలున్న చోటది. విశాఖ ఆర్కే బీచ్‌లో రిప్ కరెంట్ల గురించి విన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. దక్షిణపు ఒడ్డు రోజునుబట్టి ఉంటుంది. స్నోర్కెలింగ్ అంటే పడమటి ఒడ్డే, దాంతోపాటు బ్రిడ్జ్‌టౌన్ పక్కనున్న కార్లైల్ బే.

అయితే పడమటి ఒడ్డుకూ ఒక కాలం ఉంది. మేము వచ్చిన రెండో ఏడు జనవరిలో కాకినాడ నుంచి మా బావగారు వచ్చారు. సముద్రం పక్కనే పెరిగిన మనిషి, ఈత బాగా వచ్చు. ఆ రోజు ఆకు కదలడం లేదు, నీళ్లు అద్దంలా ఉన్నాయి. కారు దిగుతూనే మాస్కులు పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాం. పది నిమిషాలయ్యాక వరసగా నాలుగైదు పెద్ద అలలు వచ్చాయి. అప్పటికి ఆయన లోతు తక్కువగా ఉన్న పగడపు దిబ్బ మీద ఉన్నారు. అల ఆయన్ని ఎత్తి దాని మీదే పడేసింది. తొడ చీరుకుపోయింది, పైగా అక్కడున్నది ఫైర్ కోరల్, తగిలితే నిప్పు అంటుకున్నట్టు మండుతుంది. ఉత్తర అట్లాంటిక్‌లో ఎక్కడో వచ్చిన శీతాకాలపు తుఫాను పంపిన అలలవి. తప్పు నాదే. ఒడ్డున ఓ పావుగంట నిలబడి చూసి ఉంటే ఆ అలలు ముందే కనపడేవి. ఇప్పటికీ ఆ మచ్చ చూసినప్పుడల్లా బాధేస్తుంది.

అందుకే మొదట చెప్పేది ఇదే. ఒడ్డుకు వెళ్లాక పదిహేను నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. దూరం నుంచి వచ్చే పెద్ద అలలు గుంపులుగా వస్తాయి, మధ్యలో చాలాసేపు ఏమీ ఉండదు. ఆ ఖాళీ చూసే కొత్తవాళ్లు మోసపోతారు. ఇంట్లో బయలుదేరే ముందు ఫోన్‌లో అలల అంచనా చూసుకోండి. ఎత్తు ఒక్కటే చూసి ఊరుకోకండి, అలకీ అలకీ మధ్య ఎన్ని సెకన్లో కూడా చూడండి. పన్నెండు సెకన్లు దాటిందంటే ఆ అల దూరం నుంచి వస్తోంది, మీటరు ఎత్తే ఉన్నా బలం చాలా ఎక్కువ. డిసెంబరు నుంచి మార్చి దాకా అల ఉత్తరం నుంచో వాయవ్యం నుంచో వస్తుంటే ఆ రోజు పడమటి ఒడ్డును వదిలేయండి. ఇక్కడి వాతావరణ శాఖ పెద్ద అలల హెచ్చరికలు ఇస్తుంది, అవి ఉన్న రోజు ఇంకో ఆలోచనే వద్దు. పోటూపాటూ తేడా ఇక్కడ మీటరు లోపే, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. పొద్దున ఏడు నుంచి పది మధ్య మంచి సమయం, ఆ తర్వాత గాలి పెరుగుతుంది.

రెండోది నీటి రంగు. వాన పడితే గల్లీల్లోంచి మట్టి నీళ్లు సముద్రంలోకి వస్తాయి. ఇక్కడ గల్లీ అంటే మన వీధి కాదు, సున్నపురాయిలో నీరు కోసిన లోతైన వాగు. గట్టి వాన తర్వాత రెండు రోజులు ఆగండి. కొన్ని నెలల్లో వాన లేకుండానే సముద్రం ఆకుపచ్చగా, మసగ్గా మారుతుంది. దక్షిణ అమెరికా నుంచి అమెజాన్ నది నీరు సుడులు తిరుగుతూ ఇంతదూరం కొట్టుకొస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నేనూ నమ్మలేదు. ఇక సార్గాసమ్ అనే గోధుమరంగు నాచు 2011 నుంచి గుట్టలుగా వస్తోంది, ఎక్కువగా తూర్పు, దక్షిణ ఒడ్డులకు. కుళ్లితే కోడిగుడ్డు మురిగిన వాసన. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ పక్కకు పోవద్దు.

ఈత రానివాళ్లు అడిగే ప్రశ్నకు నా జవాబు: ముందు ఈత నేర్చుకోండి. లైఫ్ జాకెట్ వేసుకుంటే మునగరు, నిజమే. కానీ గొట్టంలోకి నీళ్లు వచ్చిన క్షణంలో భయపడకుండా ఉండటం జాకెట్ నేర్పదు. నడుము లోతు నీళ్లలో నిలబడి మొహం ముంచి ఊపిరి తీయడం, గొట్టంలో నీళ్లు ఊదేయడం వారం పాటు సాధన చేయండి. మీ అమ్మానాన్నలు చూడటానికి వచ్చినప్పుడు మరీ జాగ్రత్త. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకు గొట్టంతో ఊపిరి తీయడమే శ్రమ. వాళ్లకు అడుగు అద్దంతో ఉండే పడవలున్నాయి, అందులో తీసుకెళ్లండి. ఎవరూ ఒంటరిగా వెళ్లొద్దు. జెట్‌స్కీలు తిరుగుతాయి కాబట్టి దూరానికి కొట్టొచ్చినట్టు కనపడే రంగు తేలుడు బంతి ఒకటి నడుముకు కట్టుకోండి. అంబులెన్స్ నంబరు 511.

ఇంకో రెండు మాటలు, ఇండియా నుంచి సామాను సర్దుకునే వాళ్ల కోసం. మిలిటరీ రంగుల డిజైన్ ఉన్న చొక్కాలు, టోపీలు, ఈత బట్టలు తేకండి, ఈ దేశంలో పిల్లలు వేసుకున్నా అది చట్టవిరుద్ధం. ఒడ్డున ఎర్ర గుర్తు వేసిన చెట్టు కనపడితే దాని కింద కూర్చోకండి. అది మాంచినీల్. చిన్న ఆపిల్ లాంటి దాని కాయ విషం, వానలో దాని ఆకుల మీంచి కారే నీళ్లు పడినా ఒళ్లు బొబ్బలెక్కుతుంది.

ఇక పగడాల సంగతి. ఈ దీవి నేలలో సుమారు 85 శాతం పాత పగడపు సున్నపురాయే. మనం ఇల్లు కట్టుకున్నది, రోడ్డు వేసుకున్నది ఒకప్పటి పగడపు దిబ్బ మీద. ఆ రాయి నీళ్లను జల్లెడలా దించేస్తుంది. మన మురుగునీరు, పొలాల ఎరువు ఆ దారినే సముద్రంలోకి చేరి నాచును పెంచుతాయి. ఆ నాచును మేసే నల్ల ముళ్ల సముద్రపు ఉర్చిన్లు (ముళ్లబంతుల్లాంటి జీవులు) 1983లో కరీబియన్ అంతటా జబ్బుతో దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అప్పటి నుంచి పగడం మీద నాచుదే పైచేయి. దానికి తోడు వేడి. 2005, 2010, 2023లలో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లగా పాలిపోయాయి. 2014లో ఫ్లోరిడాలో కనపడిన మరో జబ్బు దీవి తర్వాత దీవికి పాకుతూ మెదడు ఆకారపు పగడాలను వారాల్లో చంపేస్తోంది.

కాబట్టి రంగురంగుల పోస్టర్లు చూసి రాకండి. హోల్‌టౌన్ దగ్గర ఫోక్‌స్టోన్ రక్షిత ప్రాంతంలో మీకు కనపడేవాటిలో చాలా భాగం గోధుమరంగు నాచు కప్పిన పాత పగడం. కానీ మధ్యమధ్య బతికున్నవి ఉన్నాయి. చూడటం నేర్చుకోండి. పూర్తిగా తెల్లగా, నున్నగా ఉంటే వేడికి పాలిపోయినది, ఇంకా బతికే ఉండొచ్చు, నీరు చల్లబడితే కోలుకోవచ్చు. ఒక మచ్చ నుంచి మొదలై తెల్లటి ఎముక బయటపడుతుంటే జబ్బు. ఆకుపచ్చగా బొచ్చు పట్టి ఉంటే చనిపోయినట్టే. అలాంటి చోట ఒక ముద్ద బతికి ఉందంటే, దానికి ఫిన్ (కాలికి తొడిగే ఈత రెక్క) తగలకుండా ఈదడం మన బాధ్యత. వేలంత మందం పెరగడానికి ఏళ్లు పడుతుంది. దాని మీద నిలబడి సెల్ఫీ తీసుకునే మనవాళ్లను చూశాను, చాలా కోపం వచ్చింది. గ్రెనడా, సెయింట్ లూసియా లాంటి పక్క దీవులకు వెళ్లి వస్తే, జబ్బు మీ వెంట రాకుండా, మాస్కు, ఫిన్లు బ్లీచ్ కలిపిన నీళ్లలో నానబెట్టి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాకే ఇక్కడ దిగండి.

మొదటిసారికి కార్లైల్ బే మేలు. అడుగంతా ఇసుక, పగడానికి మీ వల్ల హాని తక్కువ. 1919లో మునిగిన బెర్విన్ అనే టగ్గు పడవ (ఓడల్ని లాగేది) పైనుంచే కనపడేంత లోతులో ఉంది, దాని చుట్టూ చేపల గుంపులు. తాబేళ్లూ వస్తాయి, తాకకండి, మేత వేయకండి.

మా ఇంట్లోవాళ్లం ఆదివారాలు పొద్దున ఏడింటికి అక్కడే ఉంటాం, కొత్తవాళ్లు కొందరు మాతో వస్తారు. మొదటి ఆదివారం మాస్కులు కారులోనే ఉంచమంటాను. ఒడ్డున నిలబడి అలలు లెక్కపెడతాం.