పండుగప్పకు ఏ రంగు లూర్?

ప్రశ్న: ముట్టుకాడు బ్యాక్‌వాటర్‌లో పండుగప్ప కోసం లూర్ (చిన్న చేపలా కనబడే కృత్రిమ ఎర) వేస్తున్నాను. పెట్టెలో పదిహేను రంగులున్నాయి, ఏది వేయాలో తేలదు. గంట దాటేసరికి ధ్యాస చెదిరి, చేప కొట్టినప్పుడు ఏమరుపాటున ఉంటున్నాను. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, తిరువాన్మియూరు, చెన్నై

జవాబు: పదిహేను అక్కర్లేదండీ, మూడు చాలు. నీళ్లు తేటగా ఉంటే వెండి రంగు. పండుగప్ప తినే చిన్న చేపల మెరుపు అదే. వాన తర్వాత బురదగా ఉంటే బంగారు రంగు లేదా నిమ్మపచ్చ. మసక వెలుతురులో నలుపు: కింద నుంచి చూసే చేపకు ఆకాశం మీద నల్లని ఆకారం స్పష్టంగా కనబడుతుంది. ఎరుపు మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి, లోతుకు వెళ్లేకొద్దీ ముందుగా మాసిపోయే రంగు అదే.

చాలామంది పొరపడేది ఇక్కడే. చేప పడకపోతే ముందు లోతు మార్చండి, తర్వాత లైన్ చుట్టే వేగం, చివరికే రంగు. ఒక్కో మార్పుకు ఇరవై విసుర్లైనా ఇవ్వండి. లూర్‌ను రెండు సెకన్లు ఆపి చూడండి. పండుగప్ప తరచూ ఆ ఆగినప్పుడే కొడుతుంది. అందుకే ఆపినప్పుడు కళ్లు లైన్ మీదే ఉండాలి, వదులు ఎక్కువ ఇవ్వకూడదు.

ధ్యాస నిలవాలంటే ప్రతి విసురుకూ ఒక గురి పెట్టుకోండి: ఫలానా రాయి, ఫలానా నీడ. అరగంటకోసారి ఐదు నిమిషాలు కూర్చుని నీళ్లు తాగండి. ఆ వ్యవధిలోనే లీడర్‌ను (లైన్ చివర లూర్‌కు కట్టే గట్టి దారాన్ని) వేళ్లతో తడిమి, గరుకు తగిలితే కోసి మళ్లీ ముడి వేయండి. పండుగప్ప మొప్పల రేకు అంచు బ్లేడులా ఉంటుంది, నలిగిన లీడర్‌ను ఇట్టే తెంపేస్తుంది.